78 దినాల లెక్క: నౌకరి పోతే ఏ పైసలు ఎవరికొస్తయి?

2024 నవంబర్ల మా పక్కూరి పిలగాడొకడు బ్యాగు సదురుకొని ఊరికొచ్చిండు. హైదరాబాద్ శివార్ల ఒక కంపెనీల ప్యాకింగ్ పని. రెండేండ్ల నాలుగు నెలలు చేసిండు. ఒకనాడు కాంట్రాక్టర్ పిలిచి "రేపటి సంది రాకు" అన్నడట. ఆర్నెల్లు ఊర్లనే ఉన్నడు. మూడో నెలల పీఎఫ్ మొత్తం తీసి బండి కిస్తీలు కట్టిండు. ఆ తర్వాత నా దగ్గరికొచ్చి అడిగిన మాట ఇది: "అన్నా, నిరుద్యోగ భృతికి ఎక్కడ దరఖాస్తు పెట్టాలె?"

ఆ ప్రశ్నల తప్పు లేదు. కాని వాని జీతంల ప్రతి నెలా ఈఎస్ఐ కోసిండ్రు. అంటే నౌకరి పోతే వచ్చే బీమా వాని పేరు మీద అప్పటికే ఉన్నది. ఆ సంగతి వానికి ఎవ్వరూ చెప్పలే. పీఎఫ్ ముట్టుకోకముందే దాన్ని అడగాల్సి ఉండె. నేనూ ఈ లెక్కలు ఆలస్యంగనే నేర్చుకున్న, అదీ ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి. అందుకే ఇంత వివరంగ రాస్తున్న. మీలో ఎవరైనా జీతం చీటీల "ఈఎస్ఐ" అనే గీత చూసి వదిలేసిన్రంటే, జర ఆగి చదువుండ్రి.

భృతి వేరు, బీమా వేరు

మన దగ్గర "నిరుద్యోగ భృతి" అంటే అందరికీ యాదికొచ్చేది ఎలక్షన్ మాట. 2018ల తెలంగాణల నెలకు 3,016 రూపాయలు అన్నరు, ఒక్క నెలా ఎవ్వరి ఖాతాల పడలే. 2023 మే నెలల సరూర్‌నగర్ సభల ఇంకో పార్టీ 4,000 అన్నది, దాన్ని పోరగాళ్లు ఇంకా అడుగుతనే ఉన్నరు. ఆంధ్రల 2018 అక్టోబర్ 2న యువనేస్తం పేరుతోని 1,000 మొదలువెట్టిండ్రు, 2019ల 2,000 చేసిండ్రు, సర్కారు మారంగనే అది బందయింది. 2024 ఎలక్షన్లల మళ్లీ 3,000 మాట వచ్చింది. ఈ భృతికి మీరేం కట్టరు. డిగ్రీ ఉన్నదా, వయసెంత, రేషన్ కార్డున్నదా అని చూసి ఇస్తమంటరు. ఇచ్చే చెయ్యి మారితే ఆగిపోతది. నేను దానికి వ్యతిరేకం కాదు, అడగాల్సిందే. కాని అది సర్కారు మనసు మీద ఆధారపడ్డ పైసా.

రెండోది చందా మీద వచ్చేది. మీ జీతంలకెల్లి కొంత, మీ యజమాని జేబులకెల్లి కొంత, నెలనెలా ఒక నిధికి పోతది. నౌకరి పోయిన్నాడు "ఇన్ని దినాల చందా ఉన్నదా?" అని చూస్తరు. ఉంటే మీ హక్కు. లేకుంటే మీరెంత పేదోళ్లయినా రాదు. ఈఎస్ఐల ఇట్లాంటియి రెండు స్కీములున్నయి: అటల్ బీమిత్ వ్యక్తి కళ్యాణ్ యోజన, రాజీవ్ గాంధీ శ్రామిక్ కళ్యాణ్ యోజన. పేర్లు పెద్దగున్నయి కాబట్టి ఇక్కడ ఒకదాన్ని అటల్ స్కీమనీ, ఇంకోదాన్ని రాజీవ్ స్కీమనీ అంటున్న.

ముందు చందా లెక్క చూద్దాం. 2019 జూలై నుంచి కార్మికుని వాటా జీతంల 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. 15,000 జీతగానికి నెలకు 113 రూపాయలు కోస్తరు, యజమాని 488 కట్టాలె. "ఈఎస్ఐ కొయ్యకు, ఆ పైసలు నా చేతికే ఇయ్యి" అని సూపర్‌వైజర్‌ను బతిమిలాడే పోరగాళ్లను నేను చూసిన. హైదరాబాద్‌ల 113 రూపాయలకు మంచి బిర్యానీ కూడా రాదు. మీరు వద్దన్నది మీ 113 మాత్రమే అనుకుంటున్నరు, యజమాని కట్టాల్సిన 488ని కూడా వదిలేస్తున్నరు.

పది మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే ఫ్యాక్టరీలు, దుకాణాలు, హోటళ్లు దీని కిందికి వస్తయి. జీతం నెలకు 21,000 దాటొద్దు. ఇక్కడొక మోసమున్నది. "ఓటీతోని నీ జీతం 21,000 దాటింది, ఇగ నీకు ఈఎస్ఐ లేదు" అని కొందరు కాంట్రాక్టర్లు చెప్తరు. 21,000 హద్దు చూసేటప్పుడు ఓవర్‌టైమ్ పైసలు కలపొద్దు. ఇంకోటి, ఆర్నెల్ల నడుమ నిజంగనే జీతం పెరిగి హద్దు దాటినా, ఆ ఆర్నెల్లు అయ్యేదాకా చందా కట్టాల్సిందే, మీరు బీమాల ఉన్నట్టే.

ఆర్నెల్లు, 78 దినాలు

ఈఎస్ఐ ఏడాదిని రెండు ముక్కలు చేస్తది. ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా ఒకటి, అక్టోబర్ 1 నుంచి మార్చి 31 దాకా ఇంకోటి. ప్రతి ముక్కల మీ పేరు మీద ఎన్ని దినాలకు చందా పడ్డదో లెక్క రాస్తరు. 78 అనే అంకె చానా చోట్ల పనికొస్తది. ఉదాహరణకు ఏప్రిల్–సెప్టెంబర్ల 78 దినాలుంటే, వచ్చే జనవరి నుంచి జూన్ దాకా రోగం సెలవు పైసలకు అర్హత దానితోనే వస్తది.

అటల్ స్కీము 2018 జూలై 1న మొదలైంది. అప్పుడు నాలుగు ఆర్నెల్లల్లా ఒక్కొక్కదాంట్ల 78 దినాలు ఉండాలన్నరు, సగటు సంపాదనల 25 శాతమే ఇస్తమన్నరు, నౌకరి పోయి 90 దినాలైనంకనే అడగాలన్నరు. ఆకలి మూడు నెలలు ఆగుతదా? కరోనా వచ్చి కోట్ల మంది రోడ్డున పడ్డంక 2020ల మార్చిండ్రు. ఇప్పటి రూలు ఇట్లున్నది: రెండేండ్లు ఈఎస్ఐ ఉన్న నౌకరిల ఉండాలె. నౌకరి పోయిన ఆర్నెల్లకు సరిగ్గ ముందటి ఆర్నెల్లల 78 దినాలు ఉండాలె. దానికి ముందటి మూడు ఆర్నెల్లల్లా ఏదో ఒక్కదాంట్ల 78 దినాలు ఉండాలె. ఇచ్చేది 50 శాతం, 90 దినాల దాకా. నౌకరి పోయిన 30 దినాల తర్వాత అడగొచ్చు. యజమాని సంతకం కోసం తిరగకుండ మీరే నేరుగ పెట్టుకోవచ్చు. జీవితంల ఒక్కసారే. ఈ స్కీమును సర్కారు ఎప్పటికప్పుడు గడువు పెంచుకుంట నడుపుతున్నది, కాబట్టి దరఖాస్తు పెట్టే ముందు గడువు నడుస్తున్నదా లేదా ఈఎస్ఐ వెబ్‌సైట్ల చూసుకోండ్రి.

"50 శాతం" అనంగనే ఆఖరి జీతంల సగం అనుకోకుండ్రి. ఆ నాలుగు ఆర్నెల్లల మీ మొత్తం సంపాదనను 730తోని భాగిస్తరు. రెండేండ్లు ఏ గ్యాప్ లేకుండ నెలకు 15,000 వచ్చినోనికి మొత్తం 3,60,000 అయితది. 730తోని భాగిస్తే దినానికి 493. సగం అంటే దగ్గరదగ్గర 246. తొంభై దినాలకు 22,000 పైచిలుకు. అదే మనిషి రెండు ఆర్నెల్లే పనిచేసి, మిగతా రెండింట్ల ఊర్ల ఉన్నడనుకోండ్రి. మొత్తం 1,80,000, దినానికి 246, సగం 123, తొంభై దినాలకు 11,000 చిల్లర. అర్హత ఉన్నది గాని పైసలు సగమైనయి. పొలం పనులకు ఊరికొచ్చి, పంట చేతికొచ్చినంక మళ్లీ కంపెనీకి పోయే మన పోరగాళ్లకు ఇదే అయితది. అట్లయినా వాళ్లు కట్టిన దానికంటే చానా ఎక్కువే. రెండేండ్లల 15,000 జీతగాడు తన జేబులకెల్లి కట్టింది 2,712 రూపాయలు.

నా మాట అడిగితే ఈ స్కీము పిసినారి స్కీమే. జీవితంల ఒక్కసారేంది? కాంట్రాక్ట్ నౌకరి ఏడాదికోసారి పోతది. ఉన్న ఆ ఒక్కసారిని కూడా వాడుకోలేకపోతున్నం అనేది నా బాధ.

సంతకం పెట్టే ముందు

అటల్ స్కీము ఎవ్వరికి రాదు? సొంతంగ నౌకరి మానుకున్నోళ్లకు రాదు. తప్పు చేసినవని విచారణ చేసి తీసేస్తే రాదు. రిటైరైతే రాదు. చట్టవిరుద్ధమని తేల్చిన సమ్మెల ఉంటే రాదు, లాకౌట్ దినాలకు రాదు. వేరే నౌకరిల చేరితే ఆ దినం నుంచి ఆగుతది.

మొదటి మాటనే మన గొంతు కోస్తది. కంపెనీలు మనుషులను తీసేసేటప్పుడు తీసేస్తున్నమని కాగితం ఇయ్యయి. "సొంత కారణాలతో నౌకరి మానుకుంటున్న" అని మీతోనే రాయించుకుంటయి. "సంతకం పెడితేనే ఆఖరి జీతం" అంటరు. మా పక్కూరి పిలగాడు పెట్టిన సంతకం అదే. ఎందుకు రాయించుకుంటరంటే, ఏడాది నిండా పనిచేసిన కార్మికున్ని, అంటే 240 దినాలు చేసినోన్ని, పని లేదని తీసెయ్యాలంటే నెల ముందు నోటీసియ్యాలె, లేకుంటే నెల జీతమియ్యాలె, చేసిన ప్రతి ఏడాదికి 15 దినాల జీతం లెక్కన పరిహారమియ్యాలె. మీరే రాజీనామా చేస్తే అది తప్పిపోతది. ఒక్క సంతకంతోని పరిహారం పోయింది, ఈఎస్ఐ బీమా కూడా పోయింది.

ఆఖరి జీతం మీరు చేసిన పనికి వచ్చేది, దానికి రాజీనామాతోని సంబంధం లేదు. తప్పదనుకుంటే ఆ కాగితం మీద మీ చేతితోనే "యాజమాన్యం రేపటి నుంచి రావద్దన్నందుకు" అని రాయండ్రి. ఫోటో తీసుకోండ్రి. "రేపటి సంది రాకు" అని వాట్సాప్‌ల మెసేజ్ వస్తే దాన్ని చెరపకుండ్రి. ఫోన్లనే చెప్తే, ఆ దినమే "సార్, మీరు రేపటి నుంచి పనికి రావద్దన్నరు, ఎన్ని దినాలో చెప్పండి" అని మీరు మెసేజ్ పెట్టండ్రి. జవాబు రాకున్నా అది తారీఖుతోని ఉంటది.

ఫ్యాక్టరీ మూతపడితే లెక్క మారుతది

ఇక్కడ ఎంచుకునే మాట వస్తది. కంపెనీ మూతపడ్డా, చట్టం ప్రకారం రిట్రెంచ్‌మెంట్ చేసినా, లేదా పనిల కాకుండ బయట దెబ్బ తగిలి 40 శాతం, అంతకంటే ఎక్కువ శాశ్వత వైకల్యం వచ్చినా, రాజీవ్ స్కీము ఉన్నది. ఇది 2005 ఏప్రిల్ 1 నుంచి నడుస్తున్నది. మొదట్ల అయిదేండ్ల చందా అడిగేటోళ్లు, ఇప్పుడు రెండేండ్లకు తగ్గించిండ్రు. మొదటి 12 నెలలు సగటు దినకూలిల 50 శాతం, తర్వాతి 12 నెలలు 25 శాతం ఇస్తరు. ఆ కాలంల మీకూ మీ ఇంటోళ్లకూ ఈఎస్ఐ వైద్యం కూడా ఉంటది.

అటల్ స్కీముల మూడు నెలలు, దీంట్ల రెండేండ్లు. తేడా మీకే అర్థమైతది. ఒకే దినానికి ఈఎస్ఐ రెండు నగదు సాయాలు ఇయ్యదు. కాబట్టి కంపెనీ మూతపడ్డోళ్లు తొందరపడి చిన్నదాన్ని అడిగి కూసోకుండ, బ్రాంచ్ ఆఫీసుల మొదలు పెద్దదాని గురించే అడగాలె. అయితే దీనికి కాగితం కావాలె: మూసివేత నోటీసో, రిట్రెంచ్‌మెంట్ ఉత్తర్వో. కాంట్రాక్టర్ నోటిమాటతోని తీసేసినోనికి ఆ కాగితం దొరకది. వానికి దొరికేది అటల్ స్కీమే. పర్మినెంట్ కార్మికునికి పెద్ద గొడుగు, కాంట్రాక్ట్ కార్మికునికి చిన్న గొడుగు అన్నట్టు.

పీఎఫ్ ఆఖరుకు

పీఎఫ్‌ను మనోళ్లు "నౌకరి పోతే వచ్చే పైసలు" అనుకుంటరు. అది మీ సొంత పొదుపు. తీస్తే అయిపోతది. ఈఎస్ఐ బీమా వాడుకుంటే మీ పొదుపుల ఒక్క రూపాయీ తగ్గది. అందుకే ముందు బీమా, తర్వాతనే పొదుపు.

2018 డిసెంబర్ నుంచి ఉన్న రూలు ప్రకారం నౌకరి పోయిన నెలకు 75 శాతం, రెండు నెలలకు మొత్తం తీసుకోవచ్చు. 2025 అక్టోబర్ 13న ఈపీఎఫ్‌వో ధర్మకర్తల మండలి దీన్ని మార్చాలని నిర్ణయించింది: నౌకరి పోంగనే 75 శాతం, మిగతా 25 శాతం 12 నెలలు ఖాళీగ ఉన్నంకనే, పింఛన్ వాటా తీసుకోవాలంటే 36 నెలలు. దీని మీద యూనియన్లు కోపం చేసినయి. మీరు పెట్టే నాడు ఏ రూలు నడుస్తున్నదో పోర్టల్ల చూసి పెట్టండ్రి.

ఇంకో నష్టం కనిపియ్యకుండ ఉంటది. పీఎఫ్‌ల పింఛన్ ఖాతా వేరే. దాంట్ల సర్వీసు పదేండ్లు నిండితేనే 58 ఏండ్లకు నెలనెలా పింఛన్. ప్రతి నౌకరి పోయినప్పుడల్లా దాన్ని తీసేస్తే లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలైతది. అయిదేండ్లు నిండకముందు పీఎఫ్ తీస్తే పన్ను కూడా ఉంటది, 50,000 అంతకంటే ఎక్కువైతే పాన్ ఉన్నా 10 శాతం ముందే కోస్తరు. మీకు పన్ను పడేంత ఆదాయం లేకుంటే ఫారం 15జీ పెట్టాలె. తప్పనిసరై తీయాల్సి వస్తే కావాల్సినంతే తీసి, పింఛన్ ఖాతా ముట్టకుండ్రి. కొత్త నౌకరి దొరికితే పాత యూఏఎన్ నంబరే ఇయ్యండ్రి.

గల్ఫ్‌కు పోయినోళ్లకు

కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ దిక్కు ఈ పేజీ చదివేటోళ్లల చానా మంది దుబాయ్, అబుదాబీల ఉంటరు. యూఏఈల 2023 జనవరి 1 నుంచి నౌకరి పోతే బీమా తప్పనిసరి చేసిండ్రు. మూల జీతం 16,000 దిర్హాముల లోపల ఉన్నోళ్లు నెలకు 5 దిర్హాములు కట్టాలె. అక్కడా లెక్క ఇదే తీరు: ఎడతెగకుండ 12 నెలలు కట్టి ఉండాలె, రాజీనామా చెయ్యొద్దు, తప్పు మీద తీసేసి ఉండొద్దు. వస్తే మూల జీతంల 60 శాతం, మూడు నెలల దాకా. నౌకరి పోయిన 30 దినాల లోపల అడగాలె. దేశం విడిచి ఇంటికొచ్చినా, కొత్త నౌకరిల చేరినా ఆగిపోతది. బీమా తీసుకోకుంటే 400 దిర్హాముల జరిమానా ఉన్నది, అది కార్మికునికే పడ్తది. ఇండ్లల్ల పనిచేసే మన అక్కచెల్లెండ్లను మాత్రం దీంట్ల చేర్చలే.

దినాలు ఎట్ల చూసుకోవాలె

ఈఎస్ఐ నంబరు పది అంకెలది, జీవితాంతం ఒక్కటే. కంపెనీ మారినా, కాంట్రాక్టర్ మారినా అదే నంబర్ల దినాలు పడాలె. కొత్త కాంట్రాక్టర్ కొత్త నంబరు తీస్తే మీ దినాలు రెండు ముక్కలైతయి, ఏ ముక్కలనూ 78 నిండకపోవచ్చు. చేరిన దినమే పాత నంబరు రాసియ్యండ్రి. ఈఎస్ఐ పోర్టల్ల కార్మికుని లాగిన్ ఉన్నది, అండ్ల ఏ నెల ఎన్ని దినాలకు, ఎంత జీతానికి చందా పడ్డదో కనిపిస్తది. యజమాని తర్వాతి నెల 15వ తారీఖు లోపల కట్టాలె, కాబట్టి 20వ తారీఖు దాటినంక నెలకోసారి చూసుకుంటే సరిపోతది. ఆధార్, బ్యాంకు ఖాతా పేర్లు ఒక్క తీరుగ ఉన్నయో లేదో అప్పుడే చూడుండ్రి.

దినాలు తక్కువ పడితే ఊకోకుండ్రి. జీతంల కోసుకొని కట్టకపోవుడు నేరం. కాంట్రాక్టర్ కట్టకుంటే అసలు కంపెనీనే కట్టాలె, చట్టం ఆ బాధ్యత దాని మీదనే పెట్టింది. పంచింగ్ ఫోటోలు, డ్యూటీ చార్టులు, జీతం చీటీలు జతచేసి ఈఎస్ఐ ప్రాంతీయ కార్యాలయానికి రాయండ్రి. రాత ఎట్లున్నా ఏం కాదు, తారీఖులు, దినాలు స్పష్టంగ ఉండాలె.

మా పక్కూరి పిలగాని లాగిన్ నేనే తెరిపిచ్చిన. 2024 మార్చి దాకా నెలకు 26 దినాల లెక్కన ఉన్నయి. ఏప్రిల్‌ల కాంట్రాక్టర్ మారిండు. అప్పటి సంది 12, 12, 12, 12, 11, 12. మొత్తం 71. వాడు అప్పుడు కూడా నెలకు 26 దినాలే చేసిండు. సగం జీతం బ్యాంకుల వేసి, మిగతాది కవర్ల పెట్టి ఇచ్చిండ్రట. "చేతికి వస్తున్నయి కదా అనుకున్న" అన్నడు. కవర్ల వచ్చిన పైసలకు చందా ఉండదని వానికెట్ల తెలుస్తది? ఏడు దినాలు తక్కువైనయి.

డ్యూటీ చార్టులు పెట్టే వాట్సాప్ గ్రూపుల వాడు ఇంకా ఉన్నడు, అది మంచిగైంది. ఆర్నెల్ల చార్టులన్నీ ప్రింటు తీసి ఫిర్యాదు పెట్టినం. కొన్ని నెలలకు కాంట్రాక్టర్ పాత బాకీ కట్టిండు, దినాలు సరైనయి. ఇగ వస్తదనుకొని క్లెయిమ్ వేసినం. తిరిగొచ్చింది, కారణం: స్వచ్ఛందంగ ఉద్యోగం విడిచిపెట్టినట్టు రికార్డుల ఉన్నది. ఆ సంతకం తనకు తెలివి లేక పెట్టిందని, "రాకు" అన్న దినం తోటి పనోళ్లు ఇద్దరు అక్కడనే ఉన్నరని మళ్లీ రాసినం. ఆ ఇద్దరిల ఒకడు సాక్ష్యం ఇచ్చిండు. రెండోవాడు అదే కాంట్రాక్టర్ దగ్గర ఇంకా పనిచేస్తున్నడు, నా ఫోన్ ఎత్తుత లేడు. వాన్ని నేను తప్పు పట్ట.